ఎకరాకు ఎన్ని గజాలు

పోయిన వారం నంద్యాలలో మా మనవడి ఇంటికి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. పెద్దమనుషులని మర్యాదకు అంటున్నాను గాని అందరూ నా కొడుకుల కన్నా చిన్నవాళ్ళే, రిటైరై జుట్టుకు రంగు వేసుకునే వయసు వాళ్ళు. నేను చదివిన హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘమట వాళ్ళది. ఇప్పటికి బతికి ఉన్నవాళ్ళలో అందరికన్నా పాత విద్యార్థిని నేనేనని ఎవరో చెప్పగా వెతుక్కుంటూ వచ్చారు. సభ పెడతారట, నాకు శాలువా కప్పుతారట, నేను నాలుగు మంచి మాటలు మాట్లాడాలట. ఆ నాలుగు మాటలు ఏవో కూడా వాళ్ళే సెలవిచ్చారు: ఆ రోజుల్లో అయ్యవార్లు ఎట్లా కొట్టేవాళ్ళో, ఆ దెబ్బల పుణ్యాన మేమంతా ఎట్లా మనుషులమయ్యామో చెప్పాలట. ఒకాయన ఫోను తీసి పోయినేటి సభ చూపించాడు. బట్టతలల వాళ్ళు, షుగరు మాత్రలు మింగేవాళ్ళు వరసగా నిలబడి చేతులు చాపుతుంటే, వణికే చేతుల ముసలి మాస్టారొకాయన బెత్తంతో ఉత్తుత్తి దెబ్బలు వేస్తున్నాడు. ఆ తర్వాత ఇద్దరు ఒకరి ముక్కు ఒకరు పట్టుకుని చెంపలు వాయించుకునే ఆట ఆడారు, సభంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వుతానని నలుగురూ నా మొహంలోకి చూశారు. సమయానికి మనవడి భార్య కాఫీలు తెచ్చింది గాని, లేకపోతే నా నోట ఏం వచ్చేదో నాకే తెలియదు.

నా ఈడు వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, ఆ ముక్కు పట్టుకుని చెంప వాయించే ఆట ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను, కాస్త వెనక నుంచి.

ఊరి పేరు రాయను. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే దిక్కున ఉన్న ఒక పెద్ద ఊరు, అంతవరకు చాలు. జిల్లాబోర్డు వాళ్ళు అయ్యవార్లనైతే ఇస్తాం, బడి కట్టడానికి మా దగ్గరేం లేదంటే, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఇంటికో బండి చొప్పున కొలిమిగుండ్ల వైపు నుంచి నాపబండలు తోలి కట్టుకున్న బడి అది. మా నాయన తోలిన బండికి అవుకు దగ్గర ఇరుసు విరిగి రెండు రోజులు దారిలోనే పడి ఉందని మా జేజి, అంటే మా నాయన తల్లి, చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్పేది. రాళ్ళు మోసిన వాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. అందుకేనేమో ఆ బడంటే వాళ్ళకు గుడి కన్నా ఎక్కువ భయం. అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి పల్లకిలో మా ఊళ్ళ మీదుగా వచ్చినప్పుడు, ఊరిపెద్ద తర్వాత శఠగోపం హెడ్మాస్టరు తలమీదే పెట్టేవాళ్ళు. గట్టు తగాదా తెగకపోతే ఆయన మాటతో తెగేది. పిల్లవాణ్ణి చేర్పించేటప్పుడు ప్రతి తండ్రీ ఒకే మాట అనేవాడు, మా నాయనా అన్నాడు: "కండ్లు రెండూ ఇడిసిపెట్టి యాడన్నా కొట్టండి సామీ." ఆ మాట అన్నందుకు గర్వపడేవాళ్ళు కూడా.

నన్ను హైస్కూలుకు పంపడం మా జేజికి సుతరామూ ఇష్టం లేదు. మా పల్లె నుంచి బడికి మూడు మైళ్ళు, అందులో రెండు మైళ్ళు కాలువ గట్టు, నడుమ ఒక వాగు. నేను రెండు రోజులు అన్నం మాని ఏడిస్తే చివరికి ఒక షరతు పెట్టింది. బావ పోతే నేను పోవాలి, బావ మానితే నేనూ మానాలి. బావ అంటే మా మేనత్త కొడుకు. మేనత్త మొగుడు పోయి మా ఎదురింట్లోనే ఉండేది. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడే నన్ను బావకు అనుకున్నారు గనక, తోడు పోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. నాకు పదమూడు, బావకు పదిహేను. సెకండు ఫారం ఒకసారి తప్పి నా తరగతిలోకి వచ్చి పడ్డాడు, అప్పటికి ఇద్దరం థర్డు ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి.

తప్పినవాడంటే నాకు చిన్నచూపు. దాచడమెందుకు, ఉండేది. నేను క్లాసులో మొదటిదాన్ని. బావ వేసవిలో సర్వేవాళ్ళ వెంట గొలుసు పట్టుకుని పొలాలు కొలవడానికి పోయేవాడు, అదే అతనికి వచ్చిన విద్య. దారి పొడుగునా అదే పురాణం. ఈ చేను మూడెకరాల ఇరవై సెంట్లు, ఆ రేగడి మడి ఏడెకరాలని రాసుకున్నారు గాని ఆరున్నరే, గొలుసుకు ఇన్ని గజాలు, ఎకరాకు ఇన్ని గజాలు అని చెప్పుకుంటూ ముందు నడిచేవాడు. నా పుస్తకాల సంచి కూడా అతని భుజానికే ఉండేది. నేను ఇంగ్లీషు పద్యం బట్టీపెట్టుకుంటూ ఊఁ కొట్టేదాన్నే గాని ఒక్క ముక్క చెవిలోకి పోనిచ్చేదాన్ని కాదు. తప్పినవాడి దగ్గర నేర్చుకునేది ఏముందని నా పొగరు.

మా లెక్కల అయ్యవారు మెడదాకా గుండీలు పెట్టిన తెల్లకోటు వేసుకుని, నస్యం డబ్బీ చేతిలో తిప్పుకుంటూ పాఠం చెప్పేవాడు. లెక్కలు చెప్పడంలో అంతటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు, అదీ రాయాలి. ప్రతిరోజూ మొదటి పావుగంట నోటిలెక్కలు. ఒక ప్రశ్న మొదటి బెంచీ నుంచి వరసగా అడుగుతూ పోయేవాడు, తెలియనివాడు లేచి నిలబడాలి, జవాబు చెప్పినవాడు నిలబడ్డ వాళ్ళందరినీ కొట్టుకుంటూ రావాలి. ఎడమచేత్తో ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. స్నేహితుడని మెల్లగా తాకించి వదిలేస్తే, ఎట్లా కొట్టాలో అయ్యవారు కొట్టి చూపించేవాడు. అందుచేత ఎవడూ ఎవడినీ వదిలిపెట్టేవాడు కాదు, అన్నదమ్ములైనా సరే. ఆయన బెత్తం అరిగేది కాదు, చెయ్యి నొచ్చేది కాదు, మాకు మాకే కక్షలు మిగిలేవి.

ఆడపిల్లలం ఇద్దరమే ఉండేవాళ్ళం. పోస్టుమాస్టరు గారి కూతురు తండ్రి బదిలీతో ప్యాపిలి వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే. నేను జవాబు చెబితే మగపిల్లలు ఊరికే నిలబడి కూర్చునేవాళ్ళు, ఆ వరకు నాకు మినహాయింపు. ఒకరోజు అయ్యవారికి ఏం పుట్టిందో, మగపిల్లలకు సిగ్గు రావాలంటే ఇదే మందన్నాడు. ఇరవై మూడు ఇరవై మూళ్ళెంతని అడిగాడు, పదకొండు మంది నిలబడ్డారు, తిరిగి నా దగ్గరికి వస్తే ఐదువందల ఇరవై తొమ్మిదన్నాను. లేచి కొట్టమన్నాడు. ఆడపిల్లను గనక ముక్కు పట్టుకోనక్కర లేదు, చెంప చాలన్నాడు.

మొదటివాణ్ణి కళ్ళు మూసుకుని కొట్టాను. మూడోవాణ్ణి కళ్ళు తెరిచే కొట్టాను. వాళ్ళలో నా బెంచీ మీద పల్లేరుకాయలు పోసినవాడున్నాడు, నా జడకు కంపకొమ్మ కట్టినవాడున్నాడు. ఆరోవాడి దగ్గరికి వచ్చేసరికి నాకు బాగుంది. ఇన్నేళ్ళకు ఈ మాట మొదటిసారి ఒప్పుకుంటున్నాను, చాలా బాగుంది. పొడుగువాళ్ళు వెనక బెంచీ గనక పదకొండోవాడు బావ. అతని చెంపకు వేళ్ళు ఊరికే తగిలించి వెనక్కి తిరిగాను.

"ఏందది? చెంపకు పసుపు పూస్తాండావా?" అన్నాడు అయ్యవారు.

మా ఇద్దరి సంగతీ ఊరందరికీ తెలుసు గనక క్లాసు గొల్లుమంది. ఆయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి, చూడు ఇట్లా, అని బావను ఒక్కటి కొట్టి చూపించి, ఇప్పుడు కొట్టమన్నాడు. వెనక నుంచి ఎవడో "ఏరా, పెండ్లాం చెయ్యి తియ్యగా ఉండాదా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అయ్యవారి మీద కాదు, ఆ మాట అన్నవాడి మీదా కాదు, నాకు మొగుడయ్యేవాడై ఉండి అందరి ముందూ జవాబు రాక నిలబడ్డ బావ మీద. చెయ్యి వెనక్కి లాగి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయ్యవారు భేష్ అన్నాడు, నేను పోయి నా బెంచీలో కూర్చున్నాను.

ఆ సాయంత్రం కూడా నా సంచి బావ భుజానికే ఉంది. వాగు దాటేటప్పుడు రోజులాగే చెయ్యి అందించాడు. ఇంట్లో మేనత్త చెంప మీది వాతలు చూసి అడిగితే, సార్ కొట్టినాడన్నాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. మంచిపని చేసినాడులే అని ఆమె సంగటి గిన్నె ముందుకు తోసింది.

తర్వాత నెల తిరగకముందే ఒకరోజు అయ్యవారు మొదటి ప్రశ్న నాతోనే మొదలుపెట్టాడు. ఎకరాకు ఎన్ని చదరపు గజాలు? నాకు రాలేదు. లేచి నిలబడ్డాను. ముందు బెంచీ నిలబడింది, రెండోది నిలబడింది, మూడోదీ నిలబడింది. క్లాసంతా మెడలు తిప్పి వెనక్కి చూసింది, ఎందుకంటే గొలుసు పట్టి తిరిగినవాడు ఒక్కడే ఉన్నాడు, అది అందరికీ తెలుసు. అయ్యవారికి మరీ బాగా తెలుసు. మొన్న తిన్నది తిరిగి ఇచ్చుకోవడానికి పిల్లవాడికి దారి చూపిస్తున్నానని ఆయన అనుకొని ఉంటాడు. అదే ఆయన దృష్టిలో న్యాయం.

బావ లేచి, తెలీదు సార్ అన్నాడు.

పొలాలు కొలిచే వాడివి నీకు తెలియదా అని మళ్ళీ అడిగాడు. తెలీదు సార్. మూడోసారి అడిగేటప్పటికి ఆయన గొంతు మారింది. అప్పుడు బావ తలెత్తి, "తెలుసు సార్. గానీ కొట్టను" అన్నాడు. అయ్యవారు చింతబరికె రెండు ముక్కలయ్యేదాకా బావను కొట్టాడు. బయటికి నెట్టి, ఆ పిల్లను కొట్టిన రోజే లోపలికి రా, అంతవరకు గడప తొక్కొద్దన్నాడు.

బావ బడి మానితే నా బడి ఆగిపోతుంది. జేజి షరతు అట్లాంటిది. ఆ రాత్రి అన్నం దిగలేదు గాని, బావకు తగిలిన దెబ్బలను తలుచుకుని కాదు.

మా పెద్దవాళ్ళలో ఒక్కరికీ అయ్యవారు చేసింది తప్పనిపించలేదు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బడి మాట కాదన్నాడని, రాళ్ళు మోసి కట్టుకున్న బడి పరువు తీశాడని బావ మీదే అందరూ విరుచుకుపడ్డారు. ఊరిపెద్దా, మా నాయనా, ఇంకో ఇద్దరూ పోయి హెడ్మాస్టరు కాళ్ళావేళ్ళా పడి ఒక ఏర్పాటు చేసుకొచ్చారు. శనివారం పొద్దున పెద్దలు వచ్చి కూర్చుంటారు, వాళ్ళ ఎదుట బావ నన్ను ఒక దెబ్బ కొట్టాలి, దానితో అంతా సరి. పంచాయితీలో తప్పు కట్టించి కలుపుకోవడం మా ఊళ్ళకు అలవాటు, ఇదీ అట్లాంటిదే అనుకున్నారు. శనివారం పొద్దున అమ్మ నాకు తలదువ్వి, పూలు పెట్టి, ఉతికిన పరికిణీ కట్టింది. పెళ్ళిచూపులకు చేసినట్టు చేసింది, చెంపదెబ్బ తినడానికి.

కాలువ గట్టు మీద నాయన ముందు నడుస్తుంటే, నేను వెనక పడి బావను బతిమాలాను. ఒక్క దెబ్బ కొట్టు బావా, నాకేం నొప్పి పుట్టదు, నా చదువు పోతుంది అన్నాను.

"సదువు పోతే పోనీలేమే. ఆ పని నా చేత కాదు."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయకుండా దాటేద్దామనుకున్నాను. చదువు రానివాడివి, నీకు పోయేదేముంది, పోయేదంతా నాదే, నీలాంటి మొద్దును నాకు కట్టబెడుతున్నందుకు మా వాళ్ళననాలి, అన్నాను. బావ నా సంచి ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

క్లాసులో పెద్దల కోసం బెంచీలు వేశారు. హెడ్మాస్టరు నడుమ కూర్చున్నాడు, లెక్కల అయ్యవారు పక్కన నిలబడ్డాడు. నన్ను నడిమికి పిలిచి నిలబెట్టారు. హెడ్మాస్టరు మంచిగానే చెప్పాడు. ఊరిపెద్ద, "ఒక్క దెబ్బే గదరా, ఆ పాప ఓర్చుకుంటాననె గదా" అన్నాడు. బావ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నేల మీది నాపబండ కేసి చూస్తూ, కొట్టను సార్ అన్నాడు. ఎన్నిసార్లడిగినా అదే మాట.

మా నాయన మంచివాడు. నా మీద అంతకుముందు ఎప్పుడూ చెయ్యి వేసిన మనిషి కాదు. నలుగురిలో తలవంపులు భరించలేక దిగ్గున లేచి, "వాని బదులు నేను కొడతా సామీ, సరిపెట్టుకోండి" అని, నేను తలెత్తి చూసేలోపల నా చెంప మీద కొట్టాడు. పూలు జారి కిందపడ్డాయి. చెవిలో హోరు, ఆ హోరులోనే అమ్మయ్య అయిపోయింది, ఇక సోమవారం బడికి రావచ్చు అనుకున్నాను.

లెక్కల అయ్యవారు నస్యం పీల్చుకుని, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"జవాబు తెలిసినోడే కొట్టల్ల. అది ఈ క్లాసు పద్ధతి. నీకు తెలుసునా, ఎకరాకు ఎన్ని గజాలో?"

మా నాయన పన్నెండెకరాలు దున్నే రైతు. ఏ చేనులో ఎన్ని సాళ్ళు పడతాయో, ఎన్ని శేర్ల జొన్నవిత్తు పడుతుందో చీకట్లో అడిగినా చెప్పేవాడు. గజాలు ఆయనకేం తెలుసు. కొట్టిన చెయ్యి ఇంకా దించకుండా, చదువుకున్న వాళ్ళ మధ్య అట్లాగే నిలబడిపోయాడు. పిల్లల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. నన్ను కొట్టినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. హెడ్మాస్టరుకు పాపమనిపించిందో ఏమో గాని, పెద్దల ముందు తన అయ్యవారి మాట తీసెయ్యలేక ఊరుకున్నాడు. ఆ సోమవారం రిజిస్టరులో ఇద్దరి పేర్లూ కొట్టేశారు.

పదిహేనో ఏట బావతోనే నా పెళ్ళయింది. బావ చేను చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, వాళ్ళను నేను పట్టుబట్టి నంద్యాలలో చదివించుకున్నాను. మిగతా ఆడవాళ్ళు మొగుడి చేతి దెబ్బల గురించి చెప్పుకునేటప్పుడు నాకు చెప్పడానికేం ఉండేది కాదు. నా మీద గాని పిల్లల మీద గాని ఏనాడూ చెయ్యెత్తలేదు, ఎద్దు మీద చర్నాకోల ఆడించేవాడే గాని తగలనిచ్చేవాడు కాదు. నా నోటికి మాత్రం అదుపుండేది కాదు. పిల్లల్లో ఎవరు పరీక్ష పాసైనా, నా చదువు తిన్న మొద్దు నువ్వని ఆ రోజు తప్పకుండా దెప్పేదాన్ని. అట్లా ఏళ్ళ తరబడి దెప్పాను. తను కండువా భుజాన వేసుకుని చేనికి పోయేవాడు.

చివరి రోజుల్లో నంద్యాల ఆసుపత్రిలో ఉండగా, ఒక మధ్యాహ్నం బత్తాయిరసం తాగిస్తూ, ఆ శనివారం ఎందుకు కొట్టలేదని అడిగాను. అన్నేళ్ళలో దెప్పానే గాని అడగడం అదే మొదలు.

"నీ దెబ్బ తింటి గదా. యెంత నొస్తాదో తెలిసినాక యెట్ల కొడతా?" అన్నాడు. పళ్ళు లేని నోటితో నవ్వి, "అయినా దినామూ దావలో చెప్తాంటి గదమే, నాలుగువేల ఎనిమిదొందల నలభై అని. నువ్వు వింటివా?" అన్నాడు.

మూడోరోజు పోయాడు. క్షమించమని అడుగుదామనే అనుకున్నాను ఆ మూడు రోజులూ, అడగలేదు. అలవాటు లేని మాట నోటికి రాలేదు.

ఇప్పుడా బడిలో బెత్తం లేదట, చెయ్యి వేస్తే మాస్టర్ల ఉద్యోగానికే మోసమట. ఆడపిల్లలే ఎక్కువమంది, తోడెవరూ లేకుండా సైకిళ్ళ మీద పోతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. మేము నడిచిన దారి పొడుగునా చేలు పోయి ప్లాట్లు పడ్డాయి, రాళ్ళు పాతి గజాల లెక్కన అమ్ముతున్నారు, ఏ పసిపిల్లవాణ్ణి అడిగినా ఎకరాకు ఎన్ని గజాలో ఠకీమని చెబుతాడు. ఒకప్పుడు ఆ దారిలో నాకు ఆ లెక్క రోజూ చెప్పినవాడు మాత్రం లేడు.

సభకు వస్తానని ఫోనులో చెప్పించాను. శాలువా కప్పించుకుంటాను. దెబ్బల మహిమ గురించి మాట్లాడమని మైకు ఇస్తే, నాలుగువేల ఎనిమిదివందల నలభై అని చెప్పి దిగి వస్తాను. ముసలిదానికి మతి పోయిందనుకుంటారు, అనుకోనీ. ఆ రోజు మొదట నన్నే అడిగారు, ఆ ముక్క నేను చెప్పి ఉంటే బావ లేవనక్కర లేకపోయేది.